ఐదు అంటే ఎంత?

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం మోగింది. కిటికీ బయట చీకటి, సన్నగా మంచు. నరసరావుపేటలో అప్పటికి తొమ్మిదైంది. వాళ్లమ్మ టిఫిన్ల పని ముగించుకుని, 'మావాడికి శని, ఆదివారాలు సెలవే. ఇంకా లేచుండడు' అని పక్కింటావిడకు చెబుతూ ఉంటుంది.

వాడు మాత్రం రెండు స్వెట్టర్లు తొడుక్కుని ట్రామ్ స్టాపు వైపు నడుస్తున్నాడు.

ఊరు మాగ్డెబర్గ్. జర్మనీలో ఎల్బే నది ఒడ్డున ఉంటుంది. పేరు కొత్తగా అనిపించినా, పిల్లల సైన్సు పుస్తకాల్లో కనిపించే ఊరే. రెండు అర్ధగోళాలను కలిపి లోపలి గాలి తీసేస్తే గుర్రాలు లాగినా ఊడి రాలేదని చదువుకుంటారు కదా, 1650ల్లో ఆ ప్రయోగం చేసిన ఓటో ఫాన్ గెరికె ఈ ఊరి మేయరే. మన కుర్రాడు ఇక్కడ ఎలక్ట్రికల్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఇది మూడో సెమిస్టరు.

జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజుండదు. అది విని 'ఖర్చే లేదట' అనుకుంటారు చుట్టాలు. కానీ వీసా కావాలంటే ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే బ్యాంకులో వేసి చూపించాలి. మన డబ్బుల్లో 11 లక్షలకు పైమాటే. అందులోంచి నెలకు 992 యూరోలు చేతికిస్తారు. అద్దె, ఆరోగ్య బీమా, తిండి... అన్నీ అందులోనే. రెండో ఏడాదికి మళ్లీ చూసుకోవాలి. నరసరావుపేటలో ఇంటి కాగితాలు ఇప్పటికే బ్యాంకులో ఉన్నాయి. అందుకే ఈ శనివారం కొలువు.

గోడౌన్‌లో ఆరింటి నుంచి రెండున్నర దాకా పని. బెల్టు మీద వచ్చే పార్సిళ్లను తీసి, పిన్‌కోడ్ చూసి సర్దాలి. 2026 జనవరి నుంచి జర్మనీలో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. మధ్యలో అరగంట విరామం పోగా ఎనిమిది గంటలకు 111 యూరోల చిల్లర. విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చని నిబంధన ఉంది. కనుక దొంగతనమేమీ కాదు. అయినా ఇంట్లో చెప్పలేదు. 'చదువుకోవడానికి పంపితే మూటలు మోస్తున్నాడా' అని అమ్మ బాధపడుతుందని.

ఇంటికొస్తూనే మళ్లీ పరుగు. ఆదివారం దుకాణాలు తెరవరు. శనివారం రాత్రి ఎనిమిదిలోపు సరుకులు తెచ్చుకోకపోతే మర్నాడు పస్తే. వారమంతా పోగేసిన ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పన్నెండు సంచిలో వేసుకుని వెళ్లాడు. సూపర్‌మార్కెట్‌లోని మెషీన్‌లో వేస్తే సీసాకు 25 సెంట్లు వెనక్కిస్తారు. ఆ మూడు యూరోల చీటీతో పాలు, టొమాటోలు వచ్చాయి. తర్వాత బట్టలుతకడం, గది ఊడ్వడం. తొమ్మిదింటికి పుస్తకం తెరిచాడు. తొమ్మిదింబావుకు కళ్లు మూతలు పడ్డాయి.

ఆదివారం ఊరంతా నిశ్శబ్దం. ఆ రోజు డ్రిల్లింగ్ మెషీన్లు తియ్యకూడదు. గాజు సీసాలు డబ్బాలో వేసినా చప్పుడవుతుందని ఊరుకోరు. ఆ నిశ్శబ్దంలో మనవాడి కుక్కర్ కూత వేస్తుంది. మొదట్లో మూడో విజిల్‌కు కింది ఫ్లాట్ పెద్దాయన కంగారుగా వచ్చి తలుపు తట్టాడు. ఇప్పుడాయనకూ అలవాటైపోయింది.

పదిన్నరకు వీడియో కాల్. అక్కడ మధ్యాహ్నం మూడు. భోజనాలై అమ్మానాన్నలిద్దరూ మంచం మీద కూర్చున్నారు.

'తిన్నావా?'

'పప్పు పెట్టానమ్మా.'

'చిక్కిపోయావురా.'

'ఫోన్లో అలా కనిపిస్తుందిలే.'

ప్రతి ఆదివారం ఇక్కడితో అయిపోయేది. ఈసారి నాన్న అందుకున్నాడు. 'వచ్చే నెలలో పరీక్షలన్నావుగా. ఈసారి కూడా ఐదు తెచ్చుకో. మీ బాబాయికి కూడా చెప్పాను.'

అసలు ముల్లు అదే. జర్మనీలో మార్కుల లెక్క తలకిందులు. 1.0 వస్తే అందరికంటే పైన. 4.0 వస్తే గట్టెక్కినట్టు. 5.0 అంటే ఫెయిల్. కంట్రోల్ ఇంజినీరింగ్‌లో నిరుడు ఫిబ్రవరిలో ఐదు వచ్చింది. జులైలో మళ్లీ రాస్తే మళ్లీ ఐదే. రెండుసార్లూ ఇంట్లో ఉన్నదున్నట్టే 'ఐదు వచ్చింది' అన్నాడు. ఐదుకు ఐదు అనుకుని నాన్న శభాష్ అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. కాదని చెప్పనూ లేదు.

ఈసారి గొంతు పెగిలింది. 'నాన్నా, ఇక్కడ ఐదంటే ఫెయిల్.'

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప మాట లేదు.

'రెండుసార్లూనా?'

'రెండుసార్లూ.'

'మళ్లీ రాయనిస్తారా?'

'ఇంకొక్కసారి. అది కూడా పోతే ఈ కోర్సు ఇంతే నాన్నా.'

'శనివారం ఎప్పుడు చేసినా ఫోనెత్తవు. ఎక్కడికెళ్తున్నావురా?' అమ్మ అడిగింది. గోడౌన్ సంగతీ బయటపడింది.

నాన్న గొంతు గట్టిపడింది. 'ఫెయిలైన సంగతి తర్వాత. ఏడాదిగా చెప్పకపోవడం తప్పు.' కాసేపాగి, 'పరీక్షెప్పుడు?' అన్నాడు.

'మూడు వారాలుంది.'

'ఈ మూడు శనివారాలూ పనికి వెళ్లకు. ఎంత తగ్గుతుంది?'

'మూడొందల ముప్పై యూరోలు. అద్దెకు...'

'మిర్చి డబ్బులొస్తాయి. నేను చూసుకుంటా. నువ్వు పుస్తకం తియ్.'

'ఐదని స్వీట్లు కూడా పంచానురా' అంటూ అమ్మ నవ్వబోయి కళ్లొత్తుకుంది.

జర్మనీలో 2023-24 శీతాకాలం సెమిస్టరులో 49 వేల మందికి పైగా భారతీయ విద్యార్థులున్నారు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. వాళ్లందరికీ ఆదివారం ఫోన్లు వెళ్తూనే ఉంటాయి. తిన్నావా, పడుకున్నావా అని అడుగుతారు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న కూడా కావాలి. ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది, తప్పితే ఎన్నిసార్లు రాయొచ్చు, పాస్ కావాలంటే ఎంత రావాలి? జర్మనీలో చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక పరీక్షకు మూడే అవకాశాలు. ఈ సంగతి విమానం ఎక్కించేటప్పుడే ఇంట్లో తెలిసి ఉంటే, పిల్లలు దాచాల్సిన అవసరం సగం తగ్గుతుంది. దిగులు పడే పిల్లలతో మాట్లాడేందుకు అక్కడి విద్యార్థి సేవా సంస్థల్లో చాలాచోట్ల ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తారు. అడిగితే చాలు.

ఆ సాయంత్రం కుర్రాడు గోడౌన్ సూపర్‌వైజరుకు మూడు వారాలు రాలేనని మెసేజ్ పెట్టాడు. పొద్దుటి పప్పే వేడి చేసుకుని తిని, పుస్తకం ముందేసుకున్నాడు. ఫోన్ మోగింది. అమ్మ మెసేజ్.

'ఎంత వస్తే పాసో సరిగ్గా రాసి పంపు. నాన్న క్యాలెండరు మీద రాసుకుంటారట.'

వాడు టైపు చేశాడు: '4.0. అంతకంటే తక్కువొస్తే ఇంకా మంచిది.'