మాయ ఎవరిది?

ఇన్ని గొప్ప విషయాలుండగా వీడు కాన్పు గది సంగతి ఎత్తుకున్నాడేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వినా సరే, చదవండి. ఇది మా ఇంట్లో జరిగింది. మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది.

కిందటేడు మా అక్కను కాన్పుకు లింగాల నుండి పట్నం ఆస్పత్రికి తీసుకుపోయినాము. ఆడబిడ్డ పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. మేమంతా బిడ్డది ఎవరి పోలికో చూస్తుంటే మా జేజి మాత్రం నర్సమ్మ వెంట పడింది.

"మాయ యాడ పెట్నారు తల్లీ? మాకియ్యండి, తీస్కపోతాం."

"అదెందుకవ్వా? చెత్తలోకి పోయింది" అని నర్సమ్మ నవ్వింది. పక్క మంచాలవాళ్ళూ నవ్వినారు. బి.యస్సీ. చదివే మనవణ్ణి కదా, నేను జేజి రెక్క పట్టుకొని బయటికి తీసుకొచ్చినాను. సిగ్గుతో నా మొహం మాడిపోయింది.

ఊరు చేరేదాకా జేజి నోరు విప్పలేదు. ఇంట్లో అడుగు పెట్టినాక ఒక్క మాట అనింది: "బిడ్డను తెచ్చుకొంటిమి గానీ, బిడ్డ తోడును ఆడనే ఇడ్సిపెట్టి వస్తిమి."

మా నాయన ఇంట్లోనే పుట్టినాడు. మంత్రసాని బొడ్డు కోసింది. మాయను కుండలో పెట్టి, జాలాడి పక్కన లోతుగా గుంత తీసి పూడ్చి, పైన బండ పెట్టినారట. కుక్కలు పీకులాడకూడదు, ఒకరు తొక్కకూడదు. జేజికి తెలిసిన పద్ధతి అది.

అంతెందుకు, మా ఆవు ఈనితే నాయన రాత్రంతా కాపలా కూర్చుంటాడు. మాయ పడగానే ఆవు తినకుండా తీసి, వరిగడ్డిలో చుట్టి, మర్రిమానుకు కట్టి వస్తాడు. నేనెన్నోసార్లు లైటు పట్టుకొని వెంట పోయినాను. అప్పుడు నాకు ఏ సిగ్గూ లేదు. ఆవు మాయకున్న మర్యాద మా అక్క మాయకు లేకపోయింది.

జువాలజీ రికార్డులో 'జరాయువు' బొమ్మ వేసి, రంగులు దిద్ది, మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. దాదాపు అర కిలో బరువు, జానెడు వెడల్పు. తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ కలవకుండానే ఆహారాన్నీ ప్రాణవాయువునూ బిడ్డకు చేరుస్తుంది. బిడ్డ మలినాలను తల్లికి పంపుతుంది. గర్భం నిలవడానికి కావలసిన హార్మోన్లను తయారు చేస్తుంది. పైగా అందులో ఎక్కువ భాగం బిడ్డ వైపు కణాలతో ఏర్పడినదే. జేజి 'బిడ్డ తోడు' అన్నది శాస్త్రానికి మరీ దూరమేమీ కాదు!

కాన్పులు మళ్ళీ ఇండ్లలోకి రావాలని నేననడం లేదు. ఇంటి కాన్పుల్లో రక్తం ఆగక తల్లులు పోయినారు. బొడ్డు కోసిన కత్తితో ధనుర్వాతం సోకి బిడ్డలు పోయినారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగినాయి. ఇది మనం గర్వించవలసిన సంగతి. కానీ కాన్పు ఆస్పత్రికి పోయినప్పుడు దానితోబాటు మాయ కూడా పోయింది. ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆస్పత్రివాళ్ళ ఇబ్బందీ నిజమే. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల కింద మాయ మానవ శరీర వ్యర్థం. పసుపు సంచిలో వేసి, కాల్చే కేంద్రానికి పంపాలి. ఎయిడ్స్, కామెర్ల క్రిములు రక్తం ద్వారా సోకే ప్రమాదముంది గనుక ఆ జాగ్రత్త అవసరమే. కానీ అవే నిబంధనలు, అటువంటి కేంద్రం అందుబాటులో లేని మారుమూల ప్రాంతాల్లో రెండు మీటర్ల గుంతలో వేసి, సున్నం చల్లి, మట్టి కప్పమంటున్నాయి. ఆలోచించండి, ఆ గుంతకూ మా జేజి గుంతకూ ఉన్న తేడా ఎంత?

న్యూజిలాండులోని మావోరీల భాషలో మాయకూ నేలకూ ఒకటే మాట - 'ఫెనువా'. అక్కడి ఆస్పత్రులు అడిగిన తల్లులకు మాయను ఇస్తాయి. వాళ్ళు తమ నేలలో పూడ్చుకుంటారు. అమెరికాలో హవాయి, ఆరెగాన్, టెక్సాస్ రాష్ట్రాలు ఇందుకు చట్టాలే చేసినాయి. అయితే కొందరు దాన్ని ఎండబెట్టి గుళికలుగా మింగడం మొదలుపెట్టినారు. అట్లా మింగిన తల్లి బిడ్డకు ప్రమాదకరమైన జబ్బు తిరగబెట్టిన సంగతి 2017లో ఆ దేశపు ఆరోగ్య సంస్థే బయటపెట్టింది. నేనడిగేది మింగడానికి కాదు, మన్నులో పెట్టడానికి.

ఇది మూఢనమ్మకాన్ని పెంచడం కాదా అని నా మిత్రుడొకడు అడిగినాడు. మనం చితాభస్మాన్ని పుష్పగిరికి తీసుకుపోయి పెన్నలో కలుపుతున్నాం. అందులో ఏ రసాయనముందని ఎవరన్నా అడుగుతారా? పోయినవాళ్ళకు ఇచ్చే మర్యాద వచ్చినవాళ్ళకు ఎందుకివ్వకూడదు? మాయ పూడిస్తే బిడ్డకు ఆయుష్షు పెరుగుతుందని నేననను. జేజి మనసు కుదుటపడుతుంది. అది చాలదా?

నేను కోరేది చిన్నది. గర్భిణికి ఎయిడ్స్, కామెర్లు, సుఖవ్యాధుల పరీక్షలు ఎటూ చేస్తున్నారు. ఆ రోజే "మాయ మీకు కావాలా?" అని ఒక మాట అడగాలి. కాన్పయినాక మాయ ముక్క ఏదీ లోపల మిగలలేదని డాక్టరు చూడాలి. జబ్బు లేదంటే, కారని మూత డబ్బాలో పెట్టి, చేతులకు తొడుగులిచ్చి, ఆ రోజే బావికి దూరంగా లోతుగా పూడ్చమని చెప్పి ఇవ్వాలి. జబ్బుంటే ఎందుకివ్వలేమో నిదానంగా చెప్పాలి. వద్దన్నవాళ్ళది పసుపు సంచిలోకే పోనీ. నిబంధన మార్చవలసి వస్తే మార్చుకోవచ్చు, అది మనం రాసుకున్నదే. అడిగే దారి మూసేస్తే జనం దొంగదారి వెతుకుతారు. నల్ల కవర్లో, ఏ జాగ్రత్తా లేకుండా.

మొన్న సెలవుల్లో జేజి నన్నడిగింది: "నీ సదువులో దానికి పేరేమన్నా ఉందారా?"

"ఉంది జేజీ, జరాయువంటారు."

"పేరు పెట్టినోళ్ళు చెత్తని ఎట్లంటారు నాయనా?"

మనలో రేపు నర్సులు, డాక్టర్లు, అధికారులు అయ్యేవాళ్ళున్నారు. మా జేజికి జవాబు నేను చెప్పలేకపోయినాను. మీరన్నా చెప్పండి.