మట్టితో సహా

పద్యపాదంలోని గురులఘువులను లెక్కించే చిన్న ప్రోగ్రామొకటి 2009లో పైథాన్ 2లో రాసుకున్నాను. నిండా వంద వరుసలు లేవు. ఇటీవల ఒక మిత్రుడు తన తండ్రిగారి పద్యాల రాతప్రతిని సరిచూసుకోవడానికి అడిగితే సంతోషంగా పంపాను. ఆయన కంప్యూటరులో అది మొదటి ప్రింట్ వాక్యం వద్దనే ఆగిపోయింది. "నా దగ్గర నడుస్తోందే!" అన్నాను. ప్రోగ్రాములు రాసే ప్రతివారూ ఏదో ఒకనాడు పలికే మాట. వినేవారికి ఎందుకూ కొరగాని మాట.

తప్పు ఆయన యంత్రానిది కాదు. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. పైథాన్ 3లో ప్రింట్‌కు కుండలీకరణాలు తప్పనిసరి. అవి చేర్చినంత మాత్రాన పని తీరదు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. పాత పైథాన్‌లోని సాధారణ స్ట్రింగ్ బైట్లను లెక్కిస్తుంది, కొత్తది సంకేతాలను. 'తె' పొడవు అక్కడ ఆరు, ఇక్కడ రెండు. ఆ ఆరును నమ్ముకొన్న నా లెక్కంతా తలకిందులయింది.

అప్పుడు కంటెయినరును ఆశ్రయించాను. కడియం నర్సరీలలో మొక్కను పంపేటప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని విడదీయరు. 2013లో వెలువడిన డాకర్ చేసే పనీ అటువంటిదే. ప్రోగ్రాముతో పాటు దానికి కావలసిన పైథాన్‌ను, లైబ్రరీలను కలిపి ఒక ఇమేజ్‌గా కడుతుంది. కింది నేల, అంటే లినక్స్ కెర్నల్, మాత్రం అది నడిచే యంత్రానిదే.

నా డాకర్‌ఫైలు నాలుగే వరుసలు: ఆధారం పైథాన్ 2.7.18 అని చెప్పే ఫ్రమ్, పనిచేసే ఫోల్డరుకు వర్క్‌డిర్, నా ఫైలును లోపలికి చేర్చే కాపీ, దాన్ని నడిపే సీఎమ్‌డీ. డాకర్ బిల్డ్‌తో కట్టి, పద్యాల ఫోల్డరును వాల్యూమ్‌గా తగిలించి, డాకర్ రన్‌తో నడిపితే 2009 నాటి లెక్క యథాతథంగా వచ్చింది. మద్దతు ముగిసిన పైథాన్ కనుక నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా నడపమని మిత్రునికి చెప్పాను.

ఇంత సులువైతే పాత ప్రోగ్రాములను ఇక తిరగరాయడమెందుకని అడిగేవారున్నారు. వారితో నేను ఏకీభవించను. పెట్టెలో పెట్టినంత మాత్రాన ప్రోగ్రాము బాగుపడదు. ఉన్నది ఉన్నట్లు నిలుస్తుంది, అంతే. కాని తిరగరాసేటప్పుడు ఆ నిలకడే సాక్షి. నా పైథాన్ 3 ప్రతి, సంయుక్తాక్షరానికి ముందున్న లఘువును గురువుగా ఎంచడం లేదని రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టినప్పుడే తెలిసింది.

ఇమేజ్ కంటె ఆ నాలుగు వరుసలే విలువైనవని నా అభిప్రాయం. ఇమేజ్ యంత్రానికి, డాకర్‌ఫైలు మనిషికి. అయితే ఆధారం 'లేటెస్ట్' అని రాసి వదిలితే మరుసటి ఏడు వేరే మట్టి రావచ్చు. వెర్షను సంఖ్య స్పష్టంగా ఉండాలి. ఆ ఆధారమే రేపు దొరకకపోవచ్చు కనుక డాకర్ సేవ్‌తో ఇమేజ్ ప్రతినొకదానిని దాచుకోవాలి.

మనలో ఎందరమో తెలుగు కోసం ఇటువంటి పనిముట్లు రాసి ఏదో మూల పడవేశాము. అవి ఏ మట్టిలో పెరిగాయో గుర్తున్నప్పుడే ఆ నాలుగు వరుసలూ రాసిపెట్టండి.

మిత్రుని తండ్రిగారి పద్యాలలో మూడు చోట్ల గణభంగం తేలింది. రెండు రాతప్రతిలోని పొరపాట్లు. మూడవది ఆయనదో, నా ప్రోగ్రాముదో ఇంకా చూడవలసి ఉంది.