వయస్సు మారినచో విస్తరియు మారవలెను

అనేక కుటుంబములలో సంపాదించు మగవానికి పెద్ద వడ్డన జరుగును. ఎదుగుచున్న కుమారునికి అంతకంటె తక్కువ పెట్టుదురు. వృద్ధుడైన తండ్రికి చారన్నమో, మజ్జిగన్నమో చాలునని తలంతురు. ఈ పద్ధతి ఆచారముగా కొనసాగుచున్నదే కాని ఆరోగ్యమునకు మేలు చేయునది కాదు. ఆహారపు కొలతను నిర్ణయింపవలసినవి వయస్సు, శ్రమ, సంపాదన కాదు.

భారత వైద్య పరిశోధన మండలికి చెందిన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో రూపొందించిన ప్రమాణములు ఈ సంగతిని స్పష్టము చేయుచున్నవి. 16 మొదలు 18 ఏండ్ల వరకు గల బాలునికి దినమునకు సుమారు 3,320 క్యాలరీల శక్తి, 55 గ్రాముల మాంసకృత్తులు, 26 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. 65 కిలోల బరువుండి, కూర్చుండి పనిచేయు పెద్దవానికి 2,110 క్యాలరీలు, 54 గ్రాముల మాంసకృత్తులు, 19 మిల్లీగ్రాముల ఇనుము సరిపోవును. అతడే కాయకష్టము చేయువాడైనచో 3,470 క్యాలరీలు అవసరమగును. అనగా కార్యాలయములో పనిచేయు తండ్రికంటె ఎదుగుచున్న కొడుకే ఎక్కువ తినవలసినవాడు.

బాలునికి అన్నము మాత్రమే పెంచిన ప్రయోజనము లేదు. పప్పు, పాలు, ఆకుకూరలు, వీలైనచో గ్రుడ్డు లేక చేప ఉండవలెను. నిమ్మరసము, జామపండు ఆహారములోని ఇనుమును శరీరము గ్రహించుటకు తోడ్పడును. భోజనముతో పాటు త్రాగు తేనీరు దానికి అడ్డు తగులును.

నలుబది ఏండ్లు దాటి, శరీరశ్రమ తగ్గినవాడు పూర్వపు అలవాటు చొప్పుననే అన్నము, వేపుళ్ళు భుజించినచో మిగులు శక్తి కొవ్వుగా మారి నడుము చుట్టును చేరును. మధుమేహము, రక్తపు పోటు వచ్చు అవకాశము పెరుగును. అట్టివాడు అన్నము తగ్గించి, ఆ చోటును కూరలతోను పప్పుతోను నింపవలెను. ఊరగాయలలోను అప్పడములలోను ఉన్న దానితో కలిపి ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు.

వృద్ధుని విషయములోనే పొరపాటు ఎక్కువగా జరుగుచున్నది. వార్ధక్యమున శక్తి అవసరము తగ్గును గాని మాంసకృత్తుల అవసరము తగ్గదు. కాల్షియము 1,000 నుండి 1,200 మిల్లీగ్రాములకు పెరుగును. చారన్నము కడుపు నింపును. క్షీణించు కండరములను నిలుపజాలదు. పండ్లు ఊడినవానికి మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, రాగిజావ అనుకూలములు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని సలహాను అనుసరింపవలెను.

ఇందుకు వ్యయమగునని కొందరు వెనుదీయుదురు. కాని ఇక్కడ కావలసినది అదనపు సరుకు కాదు, తగిన పంపకము. ఉన్నది కొంచెమైనప్పుడే ఆ పంపకము మరింత ముఖ్యము. ఇంటిలోని స్త్రీలకును ఇదే న్యాయము వర్తించును. యుక్తవయస్కురాలికి 29 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. ఎవరి అవసరమెంతయో గ్రహించి వడ్డించుటయే కుటుంబమునకు క్షేమము.