నన్ను ఎత్తకండి, సభ కింద పెట్టండి

“మళ్ళీ ఎప్పుడు నడుస్తావమ్మా?” సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో మా వీధి మలుపులో పూలమ్మే ఆవిడ నుంచి మా కాలేజీలో సహోద్యోగుల దాకా అందరిదీ ఇదే ప్రశ్న. ఆరేసిన బట్టలు తీయడానికి మేడెక్కి, పిట్టగోడ లేని వైపు నుంచి పడి, నా వెన్నుపాము దెబ్బతిని తొమ్మిదేళ్ళయింది. నేనింక నడవనన్న సంగతి నేనెప్పుడో ఒప్పుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళే ఒప్పుకోవడం లేదు.

ఆస్పత్రిలో మూడు నెలలు ఉన్నాను. టిల్ట్ టేబుల్‌కి కట్టి నిలబెట్టారు. కాళ్ళకి కాలిపర్లు తొడిగి పారలల్ బార్ల మధ్య నడిపించారు. ఆ శ్రమని తక్కువ చేయను. కానీ ఈ రోజు నన్ను బతికిస్తున్న విద్యలు వేరు. మంచం మీంచి కుర్చీలోకి చేతుల బలంతో మారడం, పుండ్లు పడకుండా గంటకి నాలుగైదుసార్లు ఒళ్ళు పైకి లేపుకోవడం, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి కాథెటర్ పెట్టుకోవడం. ఇవన్నీ ఆఖరి వారంలో హడావిడిగా నేర్పారు. కాథెటర్ పెట్టడమైతే నాకు కాదు, మా అమ్మకి నేర్పారు. నా చేతులు బాగానే ఉన్నాయని ఎవరికీ తోచలేదు.

మా వార్డులోనే, ఇలాంటి దెబ్బతోనే ఒకాయన ఉండేవాడు. అతని కాగితంలో లక్ష్యం ‘తిరిగి ఉద్యోగానికి వెళ్ళడం’. నేను పిల్లలకి పాఠాలు చెప్పే లెక్చరర్‌ని. నా కాగితంలో ‘కూర్చుని వంట చేసుకోవడం’. అతని వ్యాయామాలు అతని భార్యకి నేర్పారు. నావి మా అమ్మకి. మా ఆయనకి ఎవరూ ఏమీ నేర్పలేదు, ఆయనా అడగలేదు.

దీన్ని తెలుగులో పునరావాసం అంటున్నాం. పోలవరం, మల్లన్నసాగర్ ముంపు గ్రామాల వాళ్ళకి వాడే మాటే ఇది. వాళ్ళని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. నన్ను తెచ్చి వంటింట్లో దించారు. కదలిక అంటే మంచానికీ పొయ్యికీ మధ్య దూరమేనా?

1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్న డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠువ్యాధి వల్ల వంకరపోయిన చేతులకి శస్త్రచికిత్సలు చేశారు. 1960లలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పునరావాస వైద్య విభాగాన్ని నిలబెట్టారు. మన దేశంలో ఈ వైద్యానికి దారి వేసినవాళ్ళలో నడవలేని ఒక స్త్రీ ఉంది. అయినా మన వార్డుల్లో స్త్రీ ‘కోలుకోవడం’ అంటే గరిటె పట్టడమే.

నాకు జీతం ఉంది. లేనివాళ్ళ మాటేమిటి? తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో నెలకు 4016 రూపాయలు చేశారు. ఆ డబ్బులో కాథెటర్లు కొనాలా, ఫిజియోథెరపిస్టుని పిలవాలా, ఆటోకి ఇవ్వాలా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పునరావాసం ప్రభుత్వ బాధ్యత అంటూనే ‘ఆర్థిక సామర్థ్యం మేరకు’ అని మెలిక పెట్టింది. భవనాల్లోకి మేం వెళ్ళగలిగేలా చూసే నియమాలు వట్టి సూచనలుగా మిగిలిపోతే, వాటిని తప్పనిసరి చేయమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇక మన సంగతి. స్త్రీల శరీరం మీద స్త్రీలకే హక్కు అని రాస్తాం, మాట్లాడతాం. ఎక్కడ మాట్లాడతాం? లిఫ్టు లేని మొదటి అంతస్తు హాల్లో. క్రితం ఏడాది ఒక రచయిత్రుల సభకి నన్ను ప్రేమగా పిలిచి, “మెట్లున్నాయి, ఫరవాలేదు, నలుగురం ఎత్తుకొస్తాం” అన్నారు. ఎత్తుకెళ్ళారు కూడా. బాత్రూమ్ తలుపులో మాత్రం కుర్చీ పట్టలేదు. కాథెటర్ వేళ దాటిపోతుంటే, దేహ రాజకీయాల మీద పత్రం చదవకుండానే ఇంటికొచ్చేశాను. ఆ పత్రం ఇంకా నా సంచీలోనే ఉంది.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, నన్ను ఎత్తకండి. సభ కింద పెట్టండి. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు కావాలి. తలుపు తొంభై సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. వచ్చే సభకి హాలు మాట్లాడేముందు ఎవరైనా టేపు తీసుకెళ్ళి ఆ బాత్రూమ్ తలుపు కొలిచి నాకొక ఫోన్ చేయండి. పత్రం పట్టుకుని నేనే వస్తాను.