రెండు సైకిళ్ల వెడల్పు

రోడ్డు ఎంత వెడల్పని అడిగితే ఇంజనీర్లు మీటర్లలో చెబుతారు. నాది వేరే లెక్క. చిన్ననాటి స్నేహితులిద్దరు పక్కపక్కన సైకిళ్లు తొక్కుతూ, గొంతు పెంచకుండా మాట్లాడుకుంటూ పోగలిగితే అది మనుషుల రోడ్డు. లేదంటే బళ్ల కోసం వేసిన దారి, అంతే. సంక్రాంతి వెళ్లిన వారంలో మావాడితో కలిసి ధవళేశ్వరం నుంచి పి.గన్నవరం దాకా రోజంతా తొక్కాక నాకీ లెక్క ఖాయమైపోయింది.

మావాడూ నేనూ హైస్కూల్లో ఒకే బెంచీ. ఉద్యోగాల్లో పడ్డాక పెళ్లిళ్లలో కలుస్తున్నాం. అక్కడ బఫే ప్లేటు పట్టుకుని వాడొక మూల, నేనొక మూల. ఫోన్లో అయితే షుగరెంత, బీపీ ఎంత అనే దగ్గరే కబుర్లు అయిపోతాయి. "ఓ రోజంతా సైకిలెక్కుదాం రారా" అంటే "మతి ఉండే అంటున్నావా?" అన్నాడు. అన్నవాడే తెల్లారగట్ల బ్యారేజీ దగ్గర నాకంటే ముందొచ్చి నిలబడ్డాడు.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా కట్టించిన ఆనకట్ట స్థానంలో వచ్చిందే ఈ బ్యారేజీ. దాని మీదుగా ధవళేశ్వరం పాయా ర్యాలి పాయా దాటితే బొబ్బర్లంక. అక్కణ్నుంచి రావులపాలెం దాకా కాలువగట్టు రోడ్డే. దాళ్వా నాట్ల కాలం కాబట్టి కాలువ నిండుగా ఉంది. మంచులో అవతలి గట్టు కనిపించడం లేదు.

కాలువగట్టుకి ఎత్తుపల్లాలుండవు. నీరు తనంతట తాను పారడానికి కంటికి ఆననంత వాలు చాలు, గట్టు ఆ నీటి వెంటే పోతుంది. పైగా ఈ కాలువలు సాగుకోసమే తవ్వినవి కావు, పడవల దారులు కూడా. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు దాకా సరుకు పడవలు నడిచిన రోజులున్నాయి. తెరచాపకి గాలి అందనప్పుడు మనుషులు తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవని లాగేవారు. అంటే ఇది మొదటి నుంచీ మనిషి నడక వేగంతో పోయే దారి. సైకిలు దానికన్నా కాస్త చురుకు, అంతే.

ఆత్రేయపురంలో పూతరేకులు తినందే కదలనన్నాడు. షుగరు సంగతి గుర్తుచేస్తే "తొక్కితే కరిగిపోద్దిలే" అని కొట్టిపారేశాడు. లొల్ల లాకుల దగ్గర కాసేపు ఆగాం. ఎగువ నీటి మట్టం వేరు, దిగువ మట్టం వేరు. పడవ రెండు తలుపుల మధ్యకి రాగానే వెనక తలుపు మూసి, నీళ్లు వదిలి, మట్టం దిగాక ముందు తలుపు తీసేవారు. ఆ పడవలు పోయి చాలా కాలమైంది. ఇప్పుడొచ్చేది సినిమావాళ్లూ, ఫొటోలు దిగేవాళ్లూ.

లాకులు దాటిన తరవాత, ఏ సందర్భమూ లేకుండా, "నాన్న కొబ్బరితోట అమ్మేశాన్రా" అన్నాడు, ముందు చక్రం వైపే చూస్తూ. ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఆ మాట వాడి నోటి వెంట వచ్చేది కాదు. పక్కపక్కన పోతుంటే మొహం చూడాల్సిన పనిలేదు, వెంటనే జవాబు చెప్పాల్సిన పనీ లేదు. ఎందుకమ్మావని నేను అడగబోతుండగా వెనక నుంచి టిప్పరు హారన్ కొట్టింది. వాడు వెనక్కి తగ్గాడు. ఆ తరవాత బస్సు, దాని వెనక కార్లు. రావులపాలెంలో హైవే దాటేదాకా ఒకరి వెనక ఒకరమే. అవతలికి చేరాక అరటిగెలల ధర గురించి మొదలుపెట్టాడు. తోట మాట హైవేకి అటువైపే ఉండిపోయింది.

కొత్తపేట దాటాక నా సైకిలు వెనక టైరు చతికిలబడింది. రోడ్డు పక్క షాపులన్నీ ఇప్పుడు మోటారు సైకిళ్లవే. ఒక పెద్దాయన మాత్రం సైకిలు చూడగానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ట్యూబుని గాలి కొట్టి బేసిన్లో ముంచి తిప్పాడు, ఎక్కడా బుడగ రాలేదు. వాల్వు బిగింపు తీసి, దాని మీద తొడిగిన సన్నటి రబ్బరు గొట్టం చిట్లిందని వేలి కొన మీద పెట్టి చూపించాడు. సొరుగంతా వెతికి జానెడు వాల్వు ట్యూబు పైకి తీసి, గోరంత ముక్క కత్తిరించి, ఉమ్మితో తడిపి ఎక్కించాడు. "ఇది అడిగేవాళ్లు లేరండి. ఉంచాను, ఎందుకుంచానో తెలీదు" అన్నాడు. డబ్బులిస్తే చిల్లర లేదని వెనక్కిచ్చేశాడు.

ఎండెక్కేసరికి సముద్రం మీద నుంచి గాలి మొదలైంది, సరిగ్గా మా మొహాలకే. కాసేపు వాడు ముందు, కాసేపు నేను. ముందున్నవాడు గాలి కాస్తుంటే వెనకున్నవాడికి సగం ఊపిరి మిగులుతుంది. అలా ఆయాసపడి, చివరికి ఒక వంతెన మీదుగా కాలువ దాటి అవతలి గట్టెక్కాం. ఎర్రగ్రావెల్ దారి, గడ్డివాములు, ఆరేసిన వలలు. హారన్ లేదు. మా ముందు బడి యూనిఫాంలో ముగ్గురు ఆడపిల్లలు దారంతా పరుచుకుని, నవ్వుకుంటూ తొక్కుతున్నారు. బెల్లు కొట్టాలనిపించలేదు.

అక్కడ మళ్లీ మొదలైంది తోట మాట. దింపు తీసేవాళ్లు దొరకడం లేదన్నాడు, కాయకి ధర లేదన్నాడు, తమ్ముడి వాటా అన్నాడు. కిలోమీటరు దాకా ఏమీ మాట్లాడలేదు. అప్పుడు అసలు మాట చెప్పాడు. "సంతకం పెట్టాక తోట వైపు వెళ్లలేదురా."

"ఇవాళ వెళ్దామా?"

"వద్దులే."

మధ్యాహ్నానికి గన్నవరం చేరాం. వైనతేయ మీద 1850లలో కట్టిన 49 కమానుల పాత అక్విడెక్టు ఉందక్కడ. నది మీదుగా కాలువని మోసుకెళ్లి అవతలి లంకకి నీళ్లిచ్చింది. ఇప్పుడా పని చేస్తున్న కొత్తదానికి, దారినపోయేవాళ్లకి అన్నం పెట్టి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. సాయంత్రం సైకిళ్లు ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చేశాం. రానూపోనూ తొక్కామని కోతలు కోసే వయసు దాటిపోయింది.

సైకిలు కోసం మన దగ్గర ఏమీ జరగడం లేదని అనను. హైదరాబాద్ ఔటర్ పక్కన 2023లో 23 కిలోమీటర్ల ట్రాకు వేశారు, పైన సోలార్ పలకల నీడ కూడా. మంచిదే. కానీ అక్కడ సైకిలు వ్యాయామం. కారు వెనక సైకిలు కట్టుకుని వెళ్లి తొక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. బడికీ, పొలానికీ, సంతకీ పోయే సైకిలు సంగతేమిటి?

కాలువకి రెండు గట్లుంటాయి. ఒకదాని మీద తారు పోశారు, సరే, బస్సులూ టిప్పర్లూ అటే పోనీ. రెండోదాన్ని చాలాచోట్ల తుప్పలకీ, చెత్తకీ, ఆక్రమణలకీ వదిలేశారు. నేనడిగేది లైట్లూ కాంక్రీటూ కాదు. వేసవిలో కాలువ కట్టేసి పూడిక తీసేటప్పుడే ఆ గట్టు చదును చేసి, గ్రావెల్ పరిచి, వంతెనల దగ్గర టిప్పరు దూరనంత ఎత్తులో ఇనుపదూలం బిగిస్తే చాలు. ఇది చెబితే "మరి రైతు ట్రాక్టరో?" అన్నాడు మావాడు. ట్రాక్టరు పోతుంది. దానితో ఎవరికీ పేచీ లేదు.

మేమిద్దరం ఎప్పుడో ఒకరోజు సరదాకి వస్తాం, మాకోసం ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. ఆ ముగ్గురు ఆడపిల్లలు రోజూ వస్తారు. ఒకరి వెనక ఒకరు నోరు మూసుకుని, లారీలకి ఒదిగి పోనక్కర్లేని దారి వాళ్లకి మండలానికొకటైనా ఉండాలి. కొత్తగా భూమి సేకరించక్కర్లేదు, గట్టు ఎలాగూ ప్రభుత్వానిదే.