సొసైటీ లెక్కలు బీరువా దాటాలి

అప్పు కోసం రైతు ముందుగా తొక్కే గడపల్లో సహకార సంఘం ఒకటి. పంట రుణాలు, ఎరువులు, విత్తనాలు మొదలుకొని అనేకచోట్ల ధాన్యం కొనుగోలు వరకు సొసైటీ ద్వారానే సాగుతున్నాయి. ఇంత వ్యాపారం చేసే సంస్థల లెక్కలు చాలాకాలం ఒక బీరువాలో, ఒక కార్యదర్శి చేతివ్రాతలో ఉండిపోయాయి. ఆ పుస్తకానికి చెద పట్టినా, పేజీ చిరిగినా చివరకు నష్టపోయేది రైతే.

ఈ పరిస్థితిని మార్చేందుకు 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గం దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల కంప్యూటరీకరణకు రూ.2,516 కోట్ల పథకాన్ని ఆమోదించింది. తర్వాత మరిన్ని సంఘాలను ఇందులో చేర్చారు. ఈ పథకానికి ఆధారం క్లౌడ్ పద్ధతి. పేరుకు మేఘమే అయినా ఆకాశంతో దీనికి సంబంధం లేదు. సంఘం లెక్కలను ఊళ్లోని యంత్రంలో గాక దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్ కేంద్రాలలో భద్రపరచి, ఇంటర్నెట్ ద్వారా వాడుకోవడమే క్లౌడ్.

దీనివల్ల కలిగే లాభాలు చిన్నవి కావు. నాలుగెకరాల రైతు దుక్కి కోసం ట్రాక్టరు కొనడు; గంటల లెక్కన బాడుగకు పిలుచుకుంటాడు. మరమ్మతుల బెడద ట్రాక్టరు యజమానిదే. అదేవిధంగా చిన్న సంఘం ఖరీదైన సర్వరు యంత్రాన్ని, దానిని కనిపెట్టుకుని ఉండే నిపుణుణ్ణి భరించనక్కరలేదు. సాఫ్ట్‌వేర్‌లో మార్పు ఒకచోట చేస్తే అన్ని సంఘాలకూ అందుతుంది. ఊళ్లో కంప్యూటరు పాడైనా లెక్క పోదు. మరో కంప్యూటరులో తెరిచి చూసుకోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచెత్తిన తీరు చూసినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

సంఘం లెక్కను జిల్లా సహకార బ్యాంకు కూడా ఎప్పటికప్పుడు చూడగలిగితే రైతుకు మరో మేలుంది. రూ.3 లక్షల వరకు పంట రుణాన్ని గడువులోగా చెల్లించినవారికి 3 శాతం వడ్డీ ప్రోత్సాహకాన్ని కేంద్రం 2025-26లోనూ కొనసాగించింది. లక్ష రూపాయల అప్పుపై ఏడాదికి అది రూ.3,000. చెల్లించిన తేదీ సక్రమంగా నమోదు కాకుంటే ఆ సొమ్ము చేజారే ప్రమాదముంది.

అయితే క్లౌడ్ అనగానే అంతా భద్రమని భ్రమపడరాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ సమాచార కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. ఉద్యోగులు దస్త్రాలు దాచుకునే జి-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల సమాచారానికి మరోచోట నకలు లేకపోవడంతో అది నాశనమైంది. కాబట్టి ఒకే లెక్క రెండు వేర్వేరు ఊళ్లలో ఉన్నదీ లేనిదీ అధికారులు రూఢి చేసుకోవాలి.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. తప్పు లెక్క ఎక్కిస్తే క్లౌడ్‌లోనూ అది తప్పు లెక్కే. లేని అప్పు రైతు పేర ఒకసారి నమోదైతే దానిని తొలగించుకోవడానికి అతడు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో అందరికీ తెలిసిందే. పాత పుస్తకాల బాకీలను ఎక్కించే ముందు ప్రతి సభ్యునికీ చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఒకరి పాస్‌వర్డు మరొకరు వాడకుండా కట్టడి చేయాలి. కరెంటు, సిగ్నల్ లేని పూట చేతి రసీదు ఇచ్చి, అదే తేదీతో తర్వాత నమోదు చేయాలి. ప్రతి చెల్లింపునకు సెల్‌ఫోనుకు తెలుగులో సందేశం పంపాలి.

సభ్యులు కూడా చూస్తూ ఊరుకోరాదు. సర్వసభ్య సమావేశంలో తమ ఖాతా నకలు అడిగి తీసుకోవాలి. గిడ్డంగిలో ధాన్యం పెట్టిన రైతు రసీదు లేకుండా ఇంటికి రాడు. సొసైటీ లెక్కల విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. జిల్లా సహకార శాఖ అధికారులు ఈ ఏర్పాట్లన్నీ సరిచూసి, వచ్చే రుణాల మంజూరులోగా పూర్తిచేయించాలి.