జత కడితే బలం రెట్టింపవుతుందా?

రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మనుషుల విషయంలో అది నిజమే. వోల్టేజి రెగ్యులేటర్ల విషయంలో కాదని నేను దెబ్బతిని తెలుసుకున్నాను.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. భావనపాడులో మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. మా నాన్న అప్పుడు గుజరాత్‌లోని వీరావల్‌లో చేపల బోటు మీద ఉన్నాడు. సిగ్నల్ అప్పుడప్పుడూ అందేది కానీ, మేం క్షేమమని చెప్పడానికి ఫోనులో ఛార్జింగే లేదు.

మావయ్య పడవలోని 12 వోల్టుల బ్యాటరీ తెచ్చాను. సైన్స్ ఫెయిర్ కోసం కొన్న రెండు 7805 రెగ్యులేటర్ల అవుట్‌పుట్లు ఒకటిగా కలిపేశాను. ఒక్కోటి 1 ఆంపియర్, రెండూ కలిస్తే 2 అని నా లెక్క. వీధిలోవాళ్ల ఫోన్లు కూడా తగిలించాను. కాసేపటికి ఒకటి చెయ్యి కాలేంత వేడెక్కింది. రెండోది చల్లగా ఉంది. ఛార్జింగ్ వస్తూ పోతూ చివరకు ఆగిపోయింది. నాన్నకు మా కబురు అందేసరికి మరో రెండు రోజులు పట్టింది. తప్పెక్కడుందో అడుగుదామంటే ఇంట్లో తెలిసినవాళ్లు లేరు.

కారణం తర్వాత చదువులో తెలిసింది. 7805 సరిగ్గా 5 వోల్టులే ఇవ్వదు. 4.8 నుంచి 5.2 లోపు ఏదైనా ఇవ్వవచ్చు. రెండింటిని కలిపితే కాస్త ఎక్కువ వోల్టేజి ఉన్నదే దాదాపు బరువంతా మోస్తుంది. రెండోది ఊరకే చూస్తుంది. పైగా 12లో 5 పోగా మిగిలిన 7 వోల్టులు వేడిగా మారతాయి. 1 ఆంపియర్ తీస్తే 7 వాట్ల వేడి! అది తట్టుకోలేక రెగ్యులేటర్ తనంతట తానే ఆగిపోతుంది.

మరి ఏం చెయ్యాలి? బ్యాటరీ ఒకటే ఉండవచ్చు, గ్రౌండ్ తీగ కూడా ఒకటే. అవుట్‌పుట్లు మాత్రం కలపకూడదు. ఫోనుకు ఒకటి, లైటుకు ఒకటి, ఎవరి బరువు వారికి అప్పగించాలి. ఎక్కువ కరెంటు కావాలంటే 3 ఆంపియర్ల ఎల్‌ఎం2596 లాంటి బక్ మాడ్యూల్ ఒక్కటి వాడితే వేడి కూడా చాలా తక్కువ. అయితే దాని స్క్రూ తిప్పి, మీటరుతో 5 వోల్టులు చూసుకున్నాకే ఫోను తగిలించాలి. లేకపోతే ఫోనే కాలిపోతుంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు మరవకూడదు.

7805 బొమ్మ గీయమంటే మనం కళ్లు మూసుకుని గీస్తాం. రెండు కలిపితే ఏమవుతుందని నన్ను ఏ పరీక్షలోనూ అడగలేదు. తుఫాను మాత్రం అడిగింది. అందుకే నా అభిప్రాయం ఒక్కటే: ప్రతి హాస్టల్‌లో ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, నాలుగు మాడ్యూళ్లు ఉండాలి. వార్షికోత్సవం షామియానా ఖర్చులో కొంత మిగిల్చినా ఇవి వస్తాయి. సీనియర్లం ఆదివారాలు వచ్చి నేర్పుతాం. ముందు నేనొస్తాను. మళ్లీ తుఫాను రాక మానదు. అప్పటికి మన తమ్ముళ్లు, చెల్లెళ్లు కొలిచి కలపడం నేర్చుకుని ఉండాలి.